తుడిచిన ప్లేటునే మళ్ళీ తుడిచాడు

సెయింట్ ఆఫ్రా ఊళ్ళో నార్బర్ట్ పోల్మన్‌తో ఒకసారి చెయ్యి కలిపినవాడు రెండోసారి కలపడానికి కాస్త జంకుతాడు. గట్టిగా నొక్కేస్తాడని కాదు. పాపం, నార్బ్ మెత్తని మనిషే. కానీ ఆ చేతిలో ఏ వేలు ఎటు పోతోందో అవతలివాడికి అంతుపట్టదు. చిటికెనవేలు పడమటికి చూస్తుంటే, ఉంగరంవేలు దానితో మాటల్లేనట్టు అటు తిరిగి ఉంటుంది. బొటనవేలి కణుపు అక్రోటు కాయంత ఉంటుంది. ఇరవై రెండేళ్ళపాటు బేస్‌బాల్ ఆటలో హోమ్ ప్లేటు వెనక గొంతుక్కూర్చుని, మీదికొచ్చే బంతినల్లా పట్టిన క్యాచర్ చెయ్యి మరెలా ఉంటుంది!

ఆ వేళ్ళకి పేర్లు కూడా ఉన్నాయి. ఎవడి బ్యాటుకి తగిలి దారితప్పిన బంతి ఏ వేలిని విరిచిందో, ఆ వేలికి వాడి పేరే పెట్టాడు నార్బ్. చిటికెనవేలు గిల్బర్ట్. ఉంగరంవేలు పెద్ద లియో. ఎడమచేతి బొటనవేలు చిన్న లియో, ఎందుకంటే లియో అనే ఇంటిపేరున్న ఆ బ్యాటర్లిద్దరూ అన్నదమ్ములు. "పెద్ద లియో సలుపుతున్నాడ్రోయ్, వాన పడేట్టుంది" అని నార్బ్ పొద్దున్నే అన్నాడంటే రైతులు గడ్డి కోయడం వాయిదా వేసుకునేవాళ్ళు. రేడియోలో వాతావరణం చెప్పే ఆయనకన్నా పెద్ద లియోయే నయమని ఊరి అభిప్రాయం.

తండ్రి నుంచి అతనికి వచ్చింది తోలు దుకాణం. తండ్రి కాలంలో గుర్రాలకి జీనులూ కళ్ళేలూ కుట్టేవారు. గుర్రాలు పోయి ట్రాక్టర్లు వచ్చాక, నార్బ్ బూట్లకి అడుగులు వేస్తూ, నడుం పట్టీలు బాగుచేస్తూ నెట్టుకొచ్చాడు. ఏప్రిల్ వచ్చి మంచు కరిగిందా, ఇక దుకాణం నిండా క్యాచర్ల సరంజామాయే. మినెసోటాలో ఆ పక్క ఊరూరికీ ఒక బేస్‌బాల్ జట్టు ఉంటుంది. పదకొండు ఊళ్ళ జట్లవాళ్ళు తెచ్చి అతని బల్ల మీద పడేసేవాళ్ళు. ముఖానికి తగిలించుకునే చువ్వల మాస్కులు, రొమ్ముకి కట్టుకునే మందపాటి కవచాలు, మోకాళ్ళ నుంచి పాదాలదాకా గట్టి పలకలు, ఎడమచేతికి తొడుక్కునే దిండుల్లాంటి గ్లవ్‌లు. ఆటగాళ్ళు వీటన్నిటినీ కలిపి తెలివిమాలినవాడి పనిముట్లు అంటారు. నిజమే మరి, తెలివున్నవాడెవడైనా ఇవన్నీ తగిలించుకోవాల్సిన చోట అసలు కూర్చుంటాడా?

"అవతలి జట్టువాడి కవచం కూడా నువ్వే కుడతావేంట్రా? ఓ కుట్టు వదులుగా వెయ్యరాదూ!" అని స్నేహితులు ఏడిపించేవాళ్ళు.

నార్బ్‌కి నిజంగానే ఒళ్ళు మండేది. "వాడి పక్కటెముక విరిగితే ఏడ్చేది వాడి పెళ్ళాంరా, మీరు కాదు. నోళ్ళు ముయ్యండి" అనేవాడు. పెళ్ళాల ఏడుపు గురించి అంత తెలిసినవాడికి సొంత ఇంట్లో ఏం జరుగుతోందో మాత్రం ఇరవై రెండేళ్ళు తెలియలేదు. అదే ఈ కథ.

ముందు ఒక మర్యాద సంగతి చెప్పాలి. క్యాచర్‌కి దెబ్బ తగిలితే ఆట ఆపమని అడగడు. అడిగితే పరువు తక్కువ. తగిలినచోట రుద్దుకోడు కూడా. రుద్దుకుంటే అవతలి జట్టువాళ్ళకి అది పండగ. మరి ప్రాణం కడబట్టిపోతుంటే ఏం చెయ్యాలి? అప్పుడు అతని వెనకే నిలబడ్డ అంపైర్ "టైమ్!" అని అరిచి, ముందుకొచ్చి, మైదానానికి వీపు తిప్పి వంగి, జేబులోంచి చిన్న బ్రష్షు తీసి హోమ్ ప్లేటు తుడుస్తాడు. ఆ తెల్ల రబ్బరు పలక మీద దుమ్ము ఉన్నా తుడుస్తాడు, లేకపోయినా తుడుస్తాడు. అతను తుడుస్తున్నంతసేపూ క్యాచర్ ఊపిరి కూడదీసుకుంటాడు. అదే దెబ్బ అంపైర్‌కి తగిలిందనుకోండి, క్యాచర్ తాపీగా నడుచుకుంటూ బంతి విసిరే పిచర్ దగ్గరికి వెళ్ళి ఏదో పెద్ద వ్యూహం పన్నుతున్నట్టు మాట్లాడతాడు. మాట్లాడేది మాత్రం బంగాళాదుంపల సలాడ్ గురించి. ఒకరికొకరు కృతజ్ఞతలు చెప్పుకోరు. ఆ సంగతే ఎత్తరు.

సెయింట్ ఆఫ్రా మైదానంలో అంపైర్ ఎవరనుకున్నారు? హ్యూబర్ట్. నార్బ్ భార్య లొరెట్టాకి స్వయానా అన్న. బావమరుదులిద్దరూ ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని చదివినవాళ్ళు. చుట్టాన్ని అంపైర్‌గా పెడితే ఎలాగని కొత్తగా వచ్చిన జట్లు మొదట్లో గొణిగేవి. రెండు ఆటలు చూశాక, తమ ఊరికి కూడా హ్యూబర్ట్‌నే పంపమని అడిగేవి. నార్బ్ మీద పక్షపాతమన్న మాట పడుతుందేమోనన్న భయంతో, అతనికి అనుకూలంగా ఇవ్వాల్సిన తీర్పులు కూడా ఇచ్చేవాడు కాదు మహానుభావుడు.

"బావా, అది ప్లేటు మధ్యలోంచి వెళ్ళిందయ్యా! కళ్ళద్దాలు మార్చుకో!" అనేవాడు నార్బ్, వెనక్కి తిరక్కుండానే.

"నా కళ్ళద్దాల సంగతి నీకెందుకురా? బంతి పట్టు, బంతి" అనేవాడు హ్యూబర్ట్.

ఇంత పోట్లాడుకునేవాళ్ళు కూడా ఆ మర్యాద మాత్రం తప్పలేదు. ఒక ఆదివారం నార్బ్ చర్చి నుంచి నేరుగా ఆటకొచ్చి, లాగు లోపల పెట్టుకునే డొప్ప ఇంట్లో మరిచిపోయాడు. మూడో ఇన్నింగ్స్‌లో బంతి నేలకి తగిలి ఎగిరి సరిగ్గా అక్కడే తగిలింది. నార్బ్‌కి పట్టపగలు చుక్కలు కనిపించాయి. ఆ రోజు హ్యూబర్ట్ ప్లేటుని నాలుగు మూలలా తుడిచాడు, అంచులు తుడిచాడు, నోటితో ఊదాడు, వెనక్కి జరిగి చూసుకుని మళ్ళీ తుడిచాడు. "రంగు కూడా వేసెయ్యరాదూ!" అని జనంలోంచి ఎవరో అరిచారు. నార్బ్‌కి మాట వచ్చేదాకా హ్యూబర్ట్ తల ఎత్తలేదు.

ఈ రహస్యం క్యాచర్లకీ అంపైర్లకీ తప్ప లోకంలో మూడో మనిషికి తెలియదని నార్బ్ నమ్మకం. ఏం చెప్పాలి ఇతనికి! లొరెట్టా ఎవరి కూతురు? ముప్పై ఏళ్ళు అంపైర్‌గా చేసిన మనిషి కూతురు. చిన్నప్పుడు ఆదివారం భోజనాల దగ్గర ఆ ఇంట్లో ఈ కబుర్లు తప్ప వేరే కబుర్లుండేవి కావు. అయినా నార్బ్ ఆట ముగించుకుని ఇంటికొచ్చి, "ఇవాళ ఒక్క దెబ్బ కూడా తగల్లేదు తెలుసా?" అనేవాడు ధీమాగా.

"అలాగా" అనేది లొరెట్టా, ఐసు ముక్కలు గుడ్డలో మూటకట్టి అతని ముందు పెడుతూ.

దెబ్బే తగలకపోతే ఐసు మూట ఎందుకొస్తోందో ఈయన ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి ఆలోచిస్తే ఒట్టు.

ఎముక విరిగినప్పుడు మాత్రం దాచడానికి కుదిరేది కాదు. వాళ్ళ వంటింటి గుమ్మానికి ఒకవైపు, పిల్లలిద్దరూ ఏటేటా ఎంత పొడుగయ్యారో పెన్సిల్ గీతలున్నాయి. రెండోవైపు నార్బ్ ఎముకల గీతలు. గీత పక్కన తేదీ, వేలి పేరు. "పిల్లలు ఎదగడం ఎప్పుడో ఆపేశారు. నువ్వు మాత్రం ఇంకా పెరుగుతూనే ఉన్నావయ్యా" అనేది లొరెట్టా.

పన్నెండో గీత 1978 మే నెలలో పడింది. కుడిచేతి చూపుడువేలు. నార్బ్‌కి అప్పటికి నలభై నాలుగేళ్ళు. డాక్టరు ఆ చేతిని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసి, ఒకటే మాట చెప్పాడు. "ఈ చెయ్యి ఇంక ఎక్కువ దెబ్బలకి ఓర్చుకోదు. ఈ వేలే కనక మళ్ళీ విరిగితే ఇక వంగదు. ఆరెతో తోలుకి బెజ్జం పెట్టలేవు, సూది పట్టలేవు. ఆలోచించుకో."

ఇంటికొచ్చాక లొరెట్టా గీత గీసింది. పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని అతని వైపు తిరిగింది.

"విను. పదమూడో గీత అంటూ పడిందో, ఏ వేలైనా సరే, ఆ సరంజామా మూట మొత్తం ఈ గుమ్మం దాటి బయటికి పోవాలి. కాల్చేస్తానో, చెరువులో పారేస్తానో నా ఇష్టం. నువ్వు మళ్ళీ ప్లేటు వెనక కూర్చోకూడదు. సరేనా?"

"ఈ ఏడు జట్టు బాగుంది లొరెట్టా. రాష్ట్ర పోటీలకి వెళ్ళేట్టుంది. నా జన్మలో ఒక్కసారి కూడా..."

"సరేనా, కాదా?"

"సరే" అన్నాడు నార్బ్. అన్నాడంటే అన్నాడే. మాట తప్పే మనిషి కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

జూన్ మధ్యలో కట్టు విప్పారు. ఆ వేసవంతా నార్బ్ కుడిచేతిని పసిబిడ్డని కాపాడినట్టు కాపాడుకున్నాడు. బంతి వచ్చేటప్పుడు దాన్ని వీపు వెనక దాచేవాడు, పాదం వెనక దాచేవాడు. పాతకాలం క్యాచర్లు రెండు చేతులతోనూ పట్టేవాళ్ళు. ఆ అలవాటు మానుకోవడానికి అతని తల ప్రాణం తోకకొచ్చింది. అయితే ఒక చిక్కు ఉంది. బేస్ అనే మూల మీద అవతలివాడు తర్వాతి బేస్‌కి పరిగెత్తడానికి సిద్ధంగా ఉంటే, బంతి పట్టిన మరుక్షణం విసరాలి. అప్పుడు కుడిచెయ్యి గ్లవ్ పక్కనే ఉండితీరాలి. అక్కడ ఏ కవచమూ ఉండదు. క్యాచర్ ఒంటి మీద అన్నిటికీ ఏదో ఒక తొడుగు ఉంది, ఆ ఒక్క చేతికి తప్ప.

మాస్కుకి గొంతు దగ్గర తోలు నాలుక కుట్టినవాడు, పక్కటెముకల దగ్గర కవచానికి రెండో పొర వేసినవాడు, ఆ చేతికి మాత్రం ఏమీ చెయ్యలేకపోయాడు. మూడు రకాల తొడుగులు కుట్టి చూశాడు. ఏది తొడిగినా బంతి విసరడం కుదరలేదు. మూడూ చెత్తబుట్టలో పడేశాడు.

జట్టు గెలుస్తూ పోయింది. ఆగస్టులో ఒక ఆదివారం కెస్లర్‌విల్ జట్టుతో సొంత మైదానంలో ఆఖరి ఆట. గెలిస్తే రాష్ట్ర పోటీలు, ఓడితే ఇంటికి. చర్చిలో పూజ అవగానే ఊరు ఊరంతా మైదానానికి వచ్చేసింది. సాసేజీలు కాలుతున్న పొగ, బీరు పీపాల దగ్గర బారు. లొరెట్టా ఎప్పట్లాగే ప్లేటు వెనక తీగల కంచె పక్కన మూడో వరసలో ఊలు అల్లుకుంటూ కూర్చుంది. ఆమె షరతు సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. నార్బ్ జట్టులో రెండో క్యాచర్ రోజర్ అని ఒకడున్నాడు. ఉత్తరాలు పంచేవాడు, ఇరవై తొమ్మిదేళ్ళవాడు, వెదురుబద్దలా సన్నగా ఉంటాడు. ఆరేళ్ళుగా బెంచీ మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు. ఆ రోజు అతను నార్బ్ వేళ్ళకన్నా లొరెట్టా మొహాన్నే ఎక్కువ చూశాడు.

మొత్తం తొమ్మిదిట్లో ఏడో ఇన్నింగ్స్. సెయింట్ ఆఫ్రా మూడు, కెస్లర్‌విల్ రెండు. ఫస్ట్ బేస్ మీద కెస్లర్‌విల్ వాడొకడు కాలు కదుపుతున్నాడు. బ్యాటు పట్టుకుని వచ్చినవాడు అలోయ్ అనే పందుల రైతు, తలుపంత మనిషి. హ్యూబర్ట్ ప్లేటు శుభ్రంగా తుడిచి, బ్రష్షు జేబులో పెట్టుకుని వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

పిచర్ డ్వేన్ బలంగా విసిరాడు. అలోయ్ ఇంకా బలంగా ఊపాడు. బంతి బ్యాటు అంచుని రాసుకుని కిందికి దిగింది. ఎండుపుల్ల విరిగిన చప్పుడు నార్బ్‌కి వినిపించింది.

కళ్ళు బైర్లు కమ్మాయి. ఏ వేలో చూసుకోవడానికి ధైర్యం చాల్లేదు. చూపుడువేలైతే? దుకాణం మూసుకోవడమేనా? నలభై నాలుగేళ్ళొచ్చాక ఏ పని నేర్చుకోవాలి? గ్లవ్ చాటున మెల్లగా వేళ్ళు ఒక్కొక్కటీ కదిపాడు. చూపుడువేలు వంగింది. అమ్మయ్య! మధ్యవేలు మాత్రం పై కణుపు దగ్గర అటు తిరిగిపోయి ఉంది. ఆ చేతిలో అప్పటిదాకా తిన్నగా ఉన్నది అదొక్కటే.

పదమూడు.

ఎవరికీ తెలియదు, అనుకున్నాడు నార్బ్. బంతి రాసుకుపోయిందనుకుంటారు. రుద్దుకోకూడదు. మొహం మాస్కులో ఉంది కనక భయం లేదు. సాయంత్రందాకా నిభాయిస్తే చాలు.

"టైమ్!" అని అరిచాడు హ్యూబర్ట్.

వద్దు బావా, ఇవాళ వద్దు, ఇప్పుడే కదా తుడిచావు! నార్బ్ నోరు పెగిలేలోపే హ్యూబర్ట్ ముందుకొచ్చి, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ వంగి, బ్రష్షు తీసి తుడవడం మొదలెట్టాడు. నిమిషం కిందట తనే తుడిచిన ప్లేటు. దాని మీద బూరెలు పెట్టుకుని తినొచ్చు, అంత శుభ్రంగా ఉంది. రెండుసార్లు తుడిచాక, తనేం చేస్తున్నాడో అప్పుడు తట్టింది పాపం మనిషికి. బ్రష్షు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఆగిపోయి, తల ఎత్తి తీగల కంచె వైపు చూశాడు.

జనమంతా అటే చూశారు. లొరెట్టా ఊలు పక్కన పెట్టి లేచి నిలబడింది.

మూడు వరసలు దిగి కంచె దగ్గరికి వచ్చింది. బెంచీ మీద రోజర్ నోట్లో గింజలు ఉమ్మేసి, గబగబా కాలి పలకలు కట్టుకోవడం మొదలెట్టాడు. నార్బ్ గొంతుక్కూర్చునే ఉన్నాడు. ఇంకో రెండు ఇన్నింగ్స్! ఇరవై రెండేళ్ళు ఎదురుచూసిన దానికి ఇంకో రెండే రెండు ఇన్నింగ్స్! ఏడుపొచ్చింది అతనికి. మాస్కు ఉంది కనక సరిపోయింది.

లొరెట్టా తీగల సందులోంచి నార్బ్‌ని చూసింది. చేతిని చూడలేదు, మొహాన్నే చూసింది, చువ్వల వెనక ఎంత కనిపిస్తే అంత. తర్వాత అన్న వైపు తిరిగింది.

"అన్నయ్యా, ఆ ఎడమ మూల ఇంకా దుమ్ముంది."

హ్యూబర్ట్ నోరెళ్ళబెట్టాడు. "ఎక్కడే?"

"అదిగో, అక్కడ. నాకిక్కడికే కనిపిస్తోంది. నీ కళ్ళెప్పుడూ అంతే కదా. సరిగ్గా తుడువు. తొందరేం లేదు."

జనం గొల్లుమన్నారు. హ్యూబర్ట్ మోకాళ్ళ మీద కూలబడి, ఆ మూలని ఎంత శ్రద్ధగా తుడిచాడో చెప్పలేను. కెస్లర్‌విల్ జట్టు మేనేజరు ఏదో అనబోయి, లొరెట్టా చూపు చూసి మానుకున్నాడు. ఈలోపు నార్బ్ నడుం పట్టీలో దాచుకున్న నల్ల టేపు తీసి, పళ్ళతో తెంపి, మధ్యవేలిని పెద్ద లియోకి జతచేసి చుట్టేశాడు. పెద్ద లియో ఎలాగూ వంకరే కాబట్టి రెండూ చక్కగా అతుక్కున్నాయి.

"అయిందా?" అన్నాడు హ్యూబర్ట్ నేల వైపు చూస్తూనే.

"ఏమో, నీ ప్లేటు, నీ ఇష్టం" అన్నాడు నార్బ్.

తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా స్కోరు మారలేదు. ఇద్దరు అవుట్, మూడోవాడు కూడా అవుటైతే ఆట ముగిసినట్టే. కెస్లర్‌విల్ వాడు రెండో బేస్ నుంచి బయల్దేరి మూడోది దాటి, స్కోరు సమం చెయ్యడానికి హోమ్ ప్లేటు మీదికి ఉరుకుతున్నాడు. దూరం నుంచి విసిరిన బంతి ఒక్కసారి నేలకి తగిలి నార్బ్ గ్లవ్‌లోకి వచ్చింది. గ్లవ్ ఒక్కటే చాలదు. గుద్దుకుంటే బంతి జారిపోతుంది, కుడిచెయ్యి పైన మూత వెయ్యాలి. వేశాడు. వచ్చినవాడు భుజంతో గుద్దాడు. ఇద్దరూ దొర్లి దుమ్ములో పడ్డారు.

"చూపించు" అన్నాడు హ్యూబర్ట్, మీదికి వంగి.

నార్బ్ వెల్లకిలా పడుకునే గ్లవ్ తెరిచాడు. బంతి ఉంది.

"అవుట్!"

ఊరంతా మైదానంలోకి వచ్చి పడింది. నార్బ్‌ని భుజాల మీదికి ఎత్తబోతే, "చెయ్యి ముట్టుకోకండ్రా!" అని కేక పెట్టాడు.

డాక్టరు దగ్గర కట్టు కట్టించుకుని ఇంటికొచ్చేసరికి పొద్దుగూకుతోంది. లొరెట్టా వంటింట్లోకి వచ్చి పెన్సిల్ తీసుకుని పదమూడో గీత గీసి, తేదీ వేసి, పక్కన అలోయ్ అని రాసింది. నార్బ్ అడిగించుకోలేదు. సరంజామా మూట ఎడమచేత్తో ఈడ్చుకొచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు.

"కాల్చేస్తానన్నావు."

"కాల్చేస్తే రాష్ట్ర పోటీల్లో రోజర్ ఏం తొడుక్కుంటాడయ్యా? నీ తలకాయా?" అంది లొరెట్టా. "ఈ గుమ్మం దాటాలన్నాను. ఊరు దాటాలనలేదు."

"మరి ఇవాళ నన్నెందుకు ఆపలేదు?"

"ఆపితే? ఓడిపోతే? వచ్చే వేసవిదాకా ఈ ఇంట్లో నీ మొహం చూడాల్సింది నేనే కదా!" అని కళ్ళు తుడుచుకుంది.

రాష్ట్ర పోటీలకి రెండు వారాలు టైముంది. రోజర్ పొడుగు, సన్నం. నార్బ్ కవచం అతనికి తొడిగితే పరుపు చుట్టినట్టుంది. దాన్ని విప్పి, పక్కలు తగ్గించి మళ్ళీ కుట్టాలి. నార్బ్ చూపుడువేలు బాగానే ఉన్నా, కట్టు వల్ల ఆరె పట్టు దొరకలేదు. లొరెట్టా ముంగిట ముక్కాలిపీట వేసుకుని అతని కుడిచెయ్యి అయింది. అతను ఎడమచేత్తో తోలు బిగించి పట్టుకుంటే ఆమె బెజ్జం పెట్టి దారం లాగేది.

"అలా కాదే, ఏటవాలుగా."

"నువ్వు నోరు మూసుకుని పట్టుకో." మూడోరోజు ఆరె ఆమె వేల్లో దిగింది. వేలు నోట్లో పెట్టుకుని, "గుమ్మం మీద నాకూ ఒక గీత గియ్యి" అంది. నార్బ్ నిజంగానే వెళ్ళి గీశాడు.

రాష్ట్ర పోటీలు మూడు గంటల ప్రయాణం దూరంలో. జట్టు బెంచీ మీద కూర్చోమని మేనేజరు పిలిచాడు గానీ నార్బ్ వెళ్ళలేదు. అక్కడ కూర్చుంటే మాస్కు లాక్కుంటానేమోనని అతని భయం. లొరెట్టా పక్కన, ప్లేటు వెనక మూడో వరసలో కూర్చున్నాడు. ఆ వైపు నుంచి ఆట చూడటం అతనికి అదే మొదలు. మొదటి ఇన్నింగ్స్ అంతా రోజర్‌కి వినపడదని తెలిసీ సలహాలు చెబుతూనే ఉన్నాడు. చుట్టుపక్కలవాళ్ళు విసుక్కుని రెండు వరసలు అవతలికి పోయారు.

రెండో ఇన్నింగ్స్‌లో బంతి బ్యాటు అంచుకి తగిలి రోజర్ మెడ పక్కన గట్టిగా తాకింది. రోజర్ ముందుకి ఒరిగి, ఒక చెయ్యి నేల మీద ఆనించి, అలాగే ఉండిపోయాడు. రుద్దుకోలేదు.

"టైమ్!" అన్నాడు అంపైర్. ఎవరో తెలియని మనిషి, వేరే ఊరివాడు. ముందుకొచ్చి, వంగి, తళతళలాడుతున్న ప్లేటుని తుడవసాగాడు.

నార్బ్ ముందుకి వంగాడు. ఎక్కడ తగిలింది? ఎముక మీదా? కవచం అంచు అక్కడ ఇంకో రెండు వేళ్ళు పైకి కుట్టాల్సింది. తప్పు నాదే. లేస్తాడా? బ్రష్షు ఇటు కదిలింది, అటు కదిలింది. అంతసేపు తుడుస్తున్నాడంటే దెబ్బ గట్టిదే. లోపల కూర్చున్న రోజుల్లో అరక్షణంలా ఉండే ఆ తుడుపు, ఇక్కడి నుంచి చూస్తుంటే ఎంతకీ అవడం లేదు. పక్కకి చూశాడు. లొరెట్టా ఊలు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. బ్రష్షు ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెడుతోంది.

"అంటే ఆ ఒక్క రోజే కాదన్నమాట!" అన్నాడు నార్బ్. "మొదట్నుంచీ తెలుసా నీకు?"

"మా నాన్న అంపైరయ్యా" అంది లొరెట్టా, ప్లేటు మీంచి చూపు తిప్పకుండా.

"ఇరవై రెండేళ్ళు ఇలాగే కూర్చున్నావా?"

"మరెలా కూర్చుంటారు? వాడు లేచేదాకా ఊపిరి బిగబట్టు. లేచాక వదులు. అంతే."

రోజర్ లేచాడు. మాస్కు సర్దుకుని మళ్ళీ గొంతుక్కూర్చున్నాడు. అంపైర్ బ్రష్షు జేబులో పెట్టుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నార్బ్, లొరెట్టా ఒక్కసారే ఊపిరి వదిలారు.

అప్పుడు కిందికి చూసింది లొరెట్టా. నార్బ్ కట్టు కట్టిన కుడిచేత్తోనే ఆమె చెయ్యి పట్టుకుని నొక్కేస్తున్నాడు. ఎప్పుడు పట్టుకున్నాడో ఇద్దరికీ తెలియదు.

"ఆ వేలు నొప్పెట్టడం లేదూ?"

అలవాటు కొద్దీ లేదనబోయాడు నార్బ్. నోటిదాకా వచ్చిన మాట ఆగిపోయింది.

"పెడుతోంది లొరెట్టా" అన్నాడు. "చాలా నొప్పెడుతోంది."

ఆ మాట ఆమెతో అనడం అతనికి అదే మొదటిసారి. లొరెట్టా రెండో చెయ్యి తెచ్చి ఆ కట్టు మీద మెల్లగా పెట్టింది.